చిన్న కమతానికి పెద్ద కంచె భారం

న్యూఢిల్లీ: ఉత్తరాది రాష్ట్రాల రైతాంగానికి కంచె ఇప్పుడు విత్తనం, ఎరువులతో సమానమైన సాగు ఖర్చుగా పరిణమించింది. యజమానులు వదిలివేసిన పశువులు రాత్రివేళ మందలుగా పడి గోధుమ, ఆవ, పప్పుధాన్యాల పైర్లను మేసిపోతున్నాయి. పలు రాష్ట్ర ప్రభుత్వాలు తీగ కంచెకు సబ్సిడీ ప్రకటించాయి. అయితే పొలం ఎంత చిన్నదైతే కంచె అంత ఖరీదు కావడంతో, సాయం అత్యవసరమైన రైతుకే అది చాలడం లేదు.

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో ఇలా తిరిగే పశువులు 50.21 లక్షలు. 2012తో పోలిస్తే దేశం మొత్తం మీద వీటి సంఖ్య కొంత తగ్గగా, ఉత్తరప్రదేశ్‌లో 10.09 లక్షల నుంచి 11.84 లక్షలకు పెరగడం గమనార్హం. ట్రాక్టరు రాకతో కోడెకు పని లేకుండా పోయింది. 2017 తర్వాత కబేళాలపై, పశు రవాణాపై ఆంక్షలు బిగియడంతో వట్టిపోయిన ఆవును కొనేవారూ కరవయ్యారు. మన పల్లెల్లో అచ్చోసిన ఆంబోతు ఊరికి ఒకటో రెండో ఉండేవి. అక్కడ తిరుగుతున్నవి మందలే. 2022 శాసనసభ ఎన్నికల ప్రచారంలో ప్రధానమంత్రి సైతం ఉన్నావ్ సభలో ఈ సమస్యకు పరిష్కారం చూపుతామని హామీ ఇవ్వవలసి వచ్చింది.

రైతులు మొదట ముళ్ల తీగను, ఆపై అంతకంటే ప్రమాదకరమైన బ్లేడు తీగను ఆశ్రయించారు. పశువులు తీవ్రంగా గాయపడుతుండటంతో 2022లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం వాటి వాడకాన్ని నిషేధించింది. పైరును ఎలా కాపాడుకోవాలన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

దీనికి సాంకేతికంగా సమాధానం లేకపోలేదు. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లోని పశు క్షేత్రాలలో దశాబ్దాలుగా వాడుతున్నది హై టెన్సైల్ తీగ. సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మందం, జింకు పూత ఉన్న ఈ ఉక్కు తీగకు ముళ్లుండవు. ఒక్క తీగ అర టన్నుకు పైగా లాగుడును ఓర్చుకోగలదు. పశువు ఒరిగితే మామూలు ఇనుప తీగ సాగి వేలాడుతుంది. ఇది స్ప్రింగులా వెనక్కి వస్తుంది. మధ్య స్తంభాలను దూరదూరంగా పాతినా సరిపోతుంది. కానీ బిగించిన తీగలన్నిటి లాగుడు మూల స్తంభాలపైనే పడుతుంది. వాటిని లోతుగా పాతి, ఏటవాలు ఊతం ఇవ్వకపోతే కొద్దికాలానికే కంచె మొత్తం వదులవుతుంది. మన దగ్గర ఖర్చు తగ్గించుకోవడానికి చూసేది సరిగ్గా ఆ మూలల వద్దే.

ఈ తీగకు సౌరశక్తితో పనిచేసే ఎనర్జైజర్‌ను జతచేస్తే పశువు బలం పరీక్షించకుండానే వెనుదిరుగుతుంది. అధికార ప్రకటనలు దీనిని 12 వోల్టుల కంచె అంటున్నాయి. 12 వోల్టులు బ్యాటరీవి మాత్రమే. అంత స్వల్ప విద్యుత్తును ఎద్దు గుర్తించనే గుర్తించదు. తీగలో ప్రవహించేది కొన్ని వేల వోల్టులు, కానీ సుమారు సెకనుకు ఒకసారి, అదీ రెప్పపాటులో వెయ్యోవంతు కాలం. అందుకే ఝాడింపే తప్ప ప్రాణహాని ఉండదు. ఇంటి కరెంటును నేరుగా తీగకు తగిలించడం ఇందుకు పూర్తిగా భిన్నం. అడవి పందుల కోసం అలా పెట్టిన తీగలకు తెలుగు రాష్ట్రాల్లో రైతులే బలైన ఉదంతాలు కొత్తవి కావు.

ఇక ఖర్చు సంగతి. 2023లో ఉత్తరప్రదేశ్ ప్రతిపాదించిన సౌర కంచె పథకంలో సబ్సిడీ హెక్టారు వ్యయంలో 60 శాతం లేదా 1.43 లక్షల రూపాయలు. ఈ లెక్కన రైతు వాటా హెక్టారుకు దాదాపు 95 వేలు. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం ఆ రాష్ట్రంలో సగటు కమతం 0.73 హెక్టారు మాత్రమే. అదీ తరచు ఒక్కచోట ఉండదు.

కంచె పొలం విస్తీర్ణాన్ని కాక చుట్టుకొలతను అనుసరిస్తుంది. చతురస్రాకారంలో ఉన్న ఒక హెక్టారుకు 400 మీటర్ల కంచె కావాలి. పది హెక్టార్లకు 4,000 కాదు, 1,265 మీటర్లు చాలు. పెద్ద రైతుకు హెక్టారుకు అయ్యే ఖర్చు మూడోవంతు కంటే తక్కువన్నమాట. రాజస్థాన్ తార్‌బందీ పథకం 2022–23 నిబంధనలు వ్యక్తిగత దరఖాస్తుకు సాధారణంగా ఒకేచోట 1.5 హెక్టార్లు ఉండాలని, సబ్సిడీ 400 మీటర్లకే పరిమితమని పేర్కొన్నాయి. అంత భూమిని చుట్టడానికి కావలసింది 490 మీటర్లు. ఒక పక్క తెరిచి ఉంచిన కంచె ఏ పశువును ఆపుతుంది?

అదే పథకంలో పదిమందికి పైగా రైతులు కలిసి అయిదు హెక్టార్లకు కంచె వేసుకుంటే 70 శాతం సబ్సిడీ ఉంది. హిమాచల్‌ప్రదేశ్ కూడా సౌర కంచెకు విడిగా 80, ఉమ్మడిగా 85 శాతం ఇచ్చింది. తలా అర హెక్టారున్న పదిమంది విడివిడిగా వేసుకుంటే ఒక్కొక్కరికి 283 మీటర్లు. కలిసి వేసుకుంటే 90 మీటర్లు మించదు. అయితే ఆ పది కమతాలూ పక్కపక్కనే ఉండాలి, గట్టు తగాదాలు ఉండరాదు, మరమ్మతు బాధ్యత ఎవరిదో ముందే తేలాలి. మధ్యనున్న ఒక్క రైతు ససేమిరా అన్నా తీగ అతని పొలాన్ని చుట్టి పోవలసిందే.