ఒకే బల్ల చుట్టూ: పుదుచ్చేరిలో మిత్రుల భోజనం

తెలుగు వాడుకలో ‘పంక్తి’ అనే మాటకు వరుస అని మాత్రమే అర్థం కాదు. ఎవరెవరు కలసి కూర్చుండి భుజించవచ్చునో నిర్ణయించే సామాజిక నియమం కూడా ఆ మాటలో ఇమిడి ఉన్నది. వరుసలో చోటు దక్కనివాడు ‘పంక్తిబాహ్యుడు’. ఒకే వరుసలో కూర్చున్నవారికి వడ్డనలో తేడా చూపడం ‘పంక్తిలో వలపక్షం’. చోటివ్వకపోవడం ఒక అవమానం. చోటిచ్చి తక్కువచేయడం మరొక అవమానం. ఈ రెండింటికీ వేర్వేరు మాటలు ఏర్పడినవంటే, అన్నం వద్ద తగిలిన గాయం ఎంత లోతుగా నాటుకొంటుందో మన పూర్వులు బాగుగా ఎరిగి ఉన్నారనే చెప్పాలి.

నేడు పెద్ద పట్టణాలలో విద్యార్థులు, ఉద్యోగులు నలుగురైదుగురు కలసి సాయంకాలం హోటలుకు వెళ్లి భోజనం చేయడం అతి సామాన్యమైన విషయం. వారి కులమేదో, మతమేదో, మాతృభాష ఏదో వడ్డించేవాడు అడుగడు. ఇంత సహజంగా కనిపించే ఈ దృశ్యం వెనుక సుదీర్ఘమైన చరిత్ర, ఒక న్యాయపోరాటం, ఇంకా పూర్తికాని ఒక కర్తవ్యం ఉన్నవి. వీటిని అర్థం చేసుకొనడానికి పుదుచ్చేరి పట్టణం చక్కని ఉదాహరణ.

కాలువకు ఇరువైపులా

బంగాళాఖాతం ఒడ్డున ఫ్రెంచివారు 1674లో స్థిరపరచుకొన్న పుదుచ్చేరి మొదటినుంచీ రెండు పట్టణాలుగా పెరిగింది. నడుమ ఒక కాలువ. దానికి తూర్పున, సముద్రంవైపు, ఐరోపావారి నివాసాలు. పడమట భారతీయుల వాడలు. పాలకులు మొదటిదానిని తెల్లపట్టణమనీ, రెండవదానిని నల్లపట్టణమనీ వ్యవహరించారు.

విభజన ఆ ఒక్క కాలువతో ఆగలేదు. ఫ్రెంచి గవర్నరు డూప్లే వద్ద ద్విభాషిగా పనిచేసిన ఆనందరంగ పిళ్లై (1709–1761) తమిళంలో వ్రాసిన దినచర్య ఆనాటి పట్టణ జీవితానికి అద్దం. అగ్రవర్ణాలనుంచి క్రైస్తవం స్వీకరించినవారికీ, అస్పృశ్యులుగా ఎంచబడిన క్రైస్తవులకూ మధ్య చర్చిలో ఒక గోడ ఉండేదనీ, దానిపై వివాదం చెలరేగగా పడగొట్టించారనీ 1745వ సంవత్సరపు పుటలలో ఆయన నమోదు చేశాడు. మతం మారినా పంక్తి మారలేదన్నమాట. ఈ పిళ్లైగారితో తెలుగు సాహిత్యానికీ సంబంధమున్నది. కస్తూరి రంగకవి తన ఛందశ్శాస్త్ర గ్రంథాన్ని ఆయనకే అంకితం చేసి, దానికి ‘ఆనందరంగరాట్ఛందము’ అని పేరు పెట్టాడు. తమిళ వర్తకుని కొలువులో తెలుగు లక్షణ గ్రంథం వెలసింది. భాషలు ఇంత సులభంగా దాటిన గడపను మనుషులు దాటలేకపోవడం ఆ కాలపు వైపరీత్యం.

20వ శతాబ్దంలో ఆ గడపను దాటే ప్రయత్నాలు ఈ పట్టణంలోనే జరిగినవి. 1908 నుంచి 1918 వరకు ఇక్కడ ప్రవాసమున్న సుబ్రహ్మణ్య భారతి, కనకలింగం అనే దళిత యువకునికి యజ్ఞోపవీతం వేసి గాయత్రిని ఉపదేశించాడు. పుదుచ్చేరిలోనే పుట్టిన కవి భారతిదాసన్ (1891–1964) కులభేదాన్ని జీవితాంతం ఖండించాడు.

పూటకూటి ఇంటినుంచి హోటలు వరకు

మిత్రునితో కలసి నగరంలో బయట భోజనం చేయడం తెలుగువారికి కొత్త ఆచారమేమీ కాదు. ‘క్రీడాభిరామం’లో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులన్నీ తిరిగి వింతలు చూస్తారు. ఆకలి వేళకు వారికి తోచేది లక్ష్మణవజ్ఝల పూటకూటి ఇల్లు. ఒక్క రూకకు అక్కడ సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంటలు, పప్పు, నెయ్యి, అరటిపండ్లు, పెరుగు లభించేవని కవి నోరూరేటట్లు చెప్పాడు. ఒకరు బ్రాహ్మణులు, ఒకరు వైశ్యులు. ఇద్దరి మైత్రికీ ఆ ఇల్లు అడ్డు చెప్పలేదు. అయితే వండిన ఇల్లు బ్రాహ్మణునిది కావడంవల్లనే అది సాధ్యపడింది. ఆ గడప బయటే నిలిచిపోయినవారి ఆకలి సంగతి కావ్యానికి అందలేదు. గురజాడ ‘కన్యాశుల్కం’ నాటికి పూటకూళ్లమ్మ పట్టణ జీవితంలో విడదీయరాని పాత్ర అయినది.

పూటకూటి ఇంట్లో గృహస్థు వండినదే భోజనం. ఆయన చెప్పిన వేళే భోజనవేళ. ఈ పద్ధతిని మార్చింది 18వ శతాబ్దం ఉత్తరార్ధంలో పారిస్ నగరంలో వెలసిన ‘రెస్టారెంటు’. ఆ ఫ్రెంచి మాట మొదట నీరసించినవారికి సత్తువనిచ్చే ఒక మాంసరసానికి పేరు. ఆ రసం అమ్మే అంగడికి అదే పేరు నిలిచింది. అక్కడ వచ్చినవారికి విడివిడిగా బల్లలు వేశారు. వంటకాల పట్టిక, వెలలు ముందే చూపారు. కోరినవేళ కోరినది తిని, తిన్నదానికే డబ్బు చెల్లించే పద్ధతి నెలకొన్నది. వెల చెల్లించగలిగినవాడు ఎవరైనా కూర్చోవచ్చునన్నది దానిలోని అంతరార్థం. పంక్తిలో కూర్చున్న మనిషి పక్కవాని భుజాన్ని చూస్తాడు. బల్లవద్ద కూర్చున్నవాడు ఎదుటివాని ముఖాన్ని చూస్తాడు. మిత్రగోష్ఠికి బల్ల అనుకూలించడానికి కారణమిదే.

ఆ బల్ల దక్షిణ భారతానికి వచ్చేసరికి పాత పంక్తి దాని చుట్టూ మళ్లీ చేరింది. 20వ శతాబ్దం పూర్వార్ధంలో పట్టణాల కాఫీ హోటళ్లలో పలుచోట్ల బ్రాహ్మణులకు ప్రత్యేక గదులు ఉండేవి. అస్పృశ్యులుగా ఎంచబడినవారికి ప్రవేశమే ఉండేది కాదు. చేతిలో డబ్బు ఉండి, కడుపులో ఆకలి ఉండి, హోటలు తలుపులు తెరిచే ఉండి, లోనికి వెళ్లలేని పరిస్థితి కోట్లాది ప్రజలది. జాతీయోద్యమ కాలంలో సంస్కర్తలు ఊరూరా సహపంక్తి భోజనాలు ఏర్పాటుచేసింది ఈ అవరోధాన్ని బద్దలు కొట్టడానికే.

రాజ్యాంగం పరచిన విస్తరి

సంస్కర్తల సద్భావనపై ఆధారపడిన ఈ విషయాన్ని పౌరుని హక్కుగా మార్చినది భారత రాజ్యాంగం. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగపు 15వ అధికరణం రెండవ ఖండం దుకాణాలు, ప్రజలు వెళ్లే రెస్టారెంట్లు, హోటళ్లలో మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ఏ పౌరునికీ ప్రవేశం నిరాకరించరాదని స్పష్టంగా చెబుతున్నది. దేశపు మౌలిక శాసనంలో హోటలు ప్రస్తావన రావడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని అవమానం జరిగిన స్థలాన్ని పేరు పెట్టి చెప్పనిదే హక్కు నిలువదని రాజ్యాంగ నిర్మాతలు గుర్తించారు. 17వ అధికరణం అస్పృశ్యతనే రద్దుచేసింది.

ఈ నియమాలకు బలం చేకూర్చుతూ 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. 1976లో దానిని మరింత కఠినం చేసి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు. ప్రవేశ నిరాకరణతోపాటు, హోటళ్లలో అందరి వాడకానికై ఉంచిన పాత్రలను ఒకరికి నిరాకరించడాన్ని కూడా ఈ చట్టం నేరంగా పరిగణిస్తుంది. అనగా పంక్తిబాహ్యతతోపాటు పంక్తిలో వలపక్షాన్ని కూడా శాసనం ఉపేక్షించలేదు.

ఇది ఒక్క భారతదేశపు సమస్య కాదు. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రపు గ్రీన్స్‌బరో పట్టణంలో 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి విద్యార్థులు, కేవలం తెల్లవారికే వడ్డించే ఒక ఫలహారశాలలో కూర్చొని కాఫీ అడిగారు. వడ్డించకపోయినా వారు లేవలేదు. మరునాడు మరికొందరు వచ్చారు. ఆ శాంతియుత నిరసన ఇతర పట్టణాలకు పాకింది. ఆ ఏడాది జూలైలో ఆ ఫలహారశాల అందరికీ వడ్డించక తప్పలేదు. 1964నాటి పౌరహక్కుల చట్టం ఆ నియమాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. ఆ నలుగురూ ఒకే కళాశాల విద్యార్థులు, మిత్రులు. స్నేహితులు కలసి బల్లవద్ద కూర్చోవడం చరిత్రను మలుపు తిప్పగలదనడానికి ఇంతకంటే నిదర్శనం ఏమి కావాలి?

నాలుగు తీరాలు, ఒక పట్టణం

మన రాజ్యాంగం అమలులోకి వచ్చిననాటికి పుదుచ్చేరి ఇంకా ఫ్రెంచివారి అధీనంలోనే ఉన్నది. 1954 నవంబరు 1న దాని పాలన భారతదేశానికి సంక్రమించింది. 1962 ఆగస్టు 16న న్యాయతః విలీనం పూర్తి అయినది. 1963 జూలై 1 నుంచి అది కేంద్రపాలిత ప్రాంతం. దీనిలో నాలుగు భాగాలున్నవి. పుదుచ్చేరి, కారైకాల్ తమిళ ప్రాంతాలు. మాహె మలయాళ తీరంలో ఉన్నది. యానాం గౌతమీ గోదావరి తీరాన, కాకినాడకు సమీపంలో, తెలుగు నేల నడుమ ఉన్నది. పరస్పరం దూరంగా ఉన్న ఈ ప్రాంతాల యువతీయువకులు ఉన్నత విద్యకై పుదుచ్చేరికి వస్తారు. యానాం విద్యార్థికి గోంగూర మీద మనసు. మాహె విద్యార్థికి కొబ్బరినూనె వంట అలవాటు. కారైకాల్ విద్యార్థికి సాంబారు లేనిదే భోజనం పూర్తికాదు. వీరు ఒక బల్లవద్ద చేరినప్పుడు వంటకాల పట్టికయే వారికి మొదటి భాషాపాఠం. వడ్డించేవానిని తమిళుడు ‘అణ్ణా’ అని, తెలుగువాడు ‘అన్నా’ అని పిలిస్తే రెండు పిలుపులకూ అతడు పలుకుతాడు.

ఈ పట్టణపు వంటయే సమ్మేళనానికి ఉదాహరణ. ఫ్రెంచి పాలనలో పుదుచ్చేరివారు అనేకులు సైనికులుగా, ఉద్యోగులుగా ఇండోచైనాకు వెళ్లి వియత్నాం వంటలను ఇంటికి తెచ్చారు. అందువల్ల ఇక్కడి పాత కుటుంబాల వంటలో ఫ్రెంచి, తమిళ, వియత్నాం రుచులు మూడూ కలసినవి. ఉల్లి, వెల్లుల్లి, పప్పు, ఆవాలు, మెంతులు కలిపి ఎండబెట్టే తమిళుల తాలింపు వడియం ఫ్రెంచివారి నోట ‘వదూవాఁ’ అయి, ఐరోపా వంటశాలలకు చేరింది. పొడవైన ఫ్రెంచి రొట్టె, ఇడ్లీ ఈ పట్టణంలో ఒకే ఉదయాన అమ్ముడుపోతవి. శ్రీ అరవిందాశ్రమ భోజనశాలలో దేశదేశాల సాధకులకు ఒకే నిరాడంబరమైన శాకాహారం వడ్డిస్తారు.

అందరూ కూర్చోగలిగే చోటు

ప్రవేశించే హక్కు లభించినంత మాత్రాన బల్ల అందరిదీ కాదు. నేడు మిత్రుల నడుమ నిలిచే గోడ తరచు కులానిది కాదు, వెలది. సముద్రతీరపు పాత ఫ్రెంచి భవనాలలోని విలాస భోజనశాలలకూ, కాలువకు పడమటనున్న సామాన్య మెస్సులకూ వెలలో చాలా అంతరమున్నది. నలుగురిలో ఒకని తండ్రి చేపలవేటపై బ్రతికేవాడై ఉండవచ్చు. ఖర్చును తలా సమానంగా పంచుకోవడం న్యాయంగానే కనిపిస్తుంది. కాని తక్కువ తిని ఎక్కువ చెల్లించవలసి వచ్చినవాడు మరుసటిసారి ఏదో పని ఉన్నదని తప్పుకొంటాడు. అతని ఖాళీ కుర్చీ వెనుక కారణాన్ని ఎవరూ అడగరు. ఇదీ ఒక విధమైన పంక్తిబాహ్యతే.

ఈ సమస్యకు భారతదేశంలోనే ఒక చక్కని సమాధానం రూపొందింది. కాఫీ బోర్డు తాను నడిపిన కాఫీ హౌసులను 1950వ దశకంలో మూసివేయ సంకల్పించినప్పుడు, ఉపాధి కోల్పోనున్న కార్మికులు ఏ.కె.గోపాలన్ ప్రోత్సాహంతో సహకార సంఘాలుగా ఏర్పడినారు. 1957లో బెంగళూరులో మొదటి సంఘం స్థాపితమైనది. ఇట్టి కాఫీ హౌసు ఒకటి పుదుచ్చేరి నెహ్రూ వీధిలోనూ వెలసింది. యాన్ మార్టెల్ 2001లో ప్రచురించిన ‘లైఫ్ ఆఫ్ పై’ నవల తొలిపుటలలో దాని ప్రస్తావన ఉన్నది. కొద్దిపాటి వెలకు కాఫీ తాగుతూ విద్యార్థి, న్యాయవాది, రచయిత, కార్మికుడు చాలాసేపు మాటలాడుకోగల చోట్లుగా కాఫీ హౌసులు దేశమంతటా పేరు పొందినవి. చౌక వెల కూడా ఒక ప్రవేశ హక్కే.

ఆహార నియమాలు మరొక సున్నితమైన విషయం. శాకాహారి, మాంసాహారి, ఉపవాసమున్నవాడు, మతనియమం ప్రకారం కొన్నిటిని వర్జించేవాడు ఒకే బల్లవద్ద చేరవచ్చు. ఒకరి నియమాన్ని మరొకరు పరిహసించకుండుట, తన నియమాన్ని ఎదుటివానిని తక్కువచేసే సాధనంగా వాడకుండుట — ఈ రెండూ పాటిస్తే చాలు. ‘నేను ఇది తినను’ అనడం వ్యక్తి స్వేచ్ఛ. ‘నీవు తింటే నీ పక్కన కూర్చోను’ అనడంతో పాత పంక్తి తిరిగి మొదలవుతుంది.

పట్టణంలో ఇంత ముందుకు నడిచినా, గ్రామాల్లో పరిస్థితి అంతటా ఇట్లే లేదు. తెలుగు నేలలోనూ, తమిళనాడులోనూ టీ దుకాణాల్లో దళితులకు వేరే గ్లాసులు ఉంచే ‘రెండు గ్లాసుల పద్ధతి’ చట్టం వచ్చిన దశాబ్దాల తరువాత కూడా బయటపడుతూ వచ్చింది. కొన్నిచోట్ల దానికి బదులుగా వాడి పారవేసే కప్పులు వచ్చినవి. గ్లాసు కనిపించకుండా పోయినంతలో దానిని వేరుచేసిన మనసు మారినదని చెప్పలేము. పట్టణ హోటలులో మిత్రునితో కలసి తిన్న విద్యార్థి సెలవులకు తన ఊరు వెళ్తాడు. అక్కడ అదే మిత్రుని ఇంటికి పిలిచి, తన తల్లి చేత, తన విస్తరి పక్కనే వడ్డింపజేయగలిగిననాడు రాజ్యాంగంలోని 15వ అధికరణం ఆ ఇంటి గడప దాటుతుంది. శాసనం హోటలు వరకే తోడు రాగలదు; అక్కడినుంచి ఇంటివరకు నడవవలసినది మనమే.