మన తెలుగు పుస్తకాలు కంప్యూటర్‌కి ఎందుకు కనిపించవు?

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా లైబ్రేరియన్ల కోసం, ఇంకా పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ల కోసం.

షాపింగ్ సైట్లలో "ఇది కొన్నవాళ్లు అదీ కొన్నారు" అని వస్తుంది కదా. దాని వెనకున్న పద్ధతి మీద అమెజాన్ ఇంజనీర్లు 2003లో ఒక పేపర్ రాశారు. పేరు ఐటమ్-టు-ఐటమ్ కొలాబరేటివ్ ఫిల్టరింగ్. పేరు పెద్దదే గానీ, ఆ పద్ధతికి పుస్తకంలో ఒక్క పేజీ కూడా చదవాల్సిన పని లేదు. ఏవేవి కలిపి కొన్నారో లెక్కేస్తుంది, అంతే. ఎవరూ కొనని పుస్తకం లెక్కలోకి రాదు. లెక్కలోకి రాదు కాబట్టి చూపించదు, చూపించదు కాబట్టి ఎవరూ కొనరు. దీన్నే మావాళ్లు కోల్డ్ స్టార్ట్ ప్రాబ్లమ్ అంటారు.

తెలుగు దగ్గరికొచ్చేసరికి ఇంకో చిక్కుంది. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' తీసుకోండి. ఇంగ్లీష్ అక్షరాల్లో ఆ 'ర్థ'ని ఒకరు టీ హెచ్‌తో రాస్తారు, ఇంకొకరు డీ హెచ్‌తో. 'జీవ'కి ఒకరు రెండు ఈలు, ఇంకొకరు ఒక్క ఐ. మనకి ఒకటే నవల, కంప్యూటర్‌కి నాలుగు. చదివినవాళ్ల లెక్క కూడా నాలుగు ముక్కలవుతుంది.

లోపలి టెక్స్ట్ సంగతి మరీను. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. అయినా డీటీపీలో అను లాంటి పాత ఫాంట్లతో చేసిన ఫైళ్లు బోలెడు. వాటిలో కంటికి తెలుగు కనిపిస్తుంది గానీ ఫైల్లో ఉండేది ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులూ. కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేయండి, గందరగోళం వస్తుంది. సెర్చ్‌కి కూడా అదే కనిపిస్తుంది. స్కాన్ పీడీఎఫ్‌లు ఉత్త ఫొటోలు. ఓసీఆర్ చేయొచ్చు, కానీ పాత అచ్చులో వత్తులు చెదిరితే తప్పులొస్తాయి.

మరి ఏం చేయాలి? చాలా లైబ్రరీల్లో కోహా వాడుతున్నారు. న్యూజిలాండ్‌లో ఒక లైబ్రరీ కోసం పుట్టి 2000లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. అందులో మార్క్ రికార్డు 245లో పేరు తెలుగు లిపిలో పెట్టి, 246లో ఇంగ్లీష్ స్పెల్లింగులన్నీ ఇచ్చేయండి. ఇష్టమొచ్చినన్ని ఇవ్వొచ్చు.

ఇంక మెషీన్‌కి వదలకూడని పని ఒకటుంది. 'అసమర్థుని జీవయాత్ర' తిరిగిచ్చిన మనిషి చేతిలో రావిశాస్త్రి 'అల్పజీవి' పెట్టడం. అందులో సుబ్బయ్య కూడా తన భయాలతో తానే కుంగిపోయే మనిషి. ఈ రెంటినీ కలిపి కొన్నవాళ్లు లేకపోతే ప్రోగ్రామ్‌కి ఆ పోలిక అందదు. చదివిన లైబ్రేరియన్‌కి వెంటనే తడుతుంది. ఆ పోలికని రికార్డులో రెండు వాక్యాల నోట్‌గా రాసిపెట్టండి, మీరు బదిలీ అయినా అది అక్కడే ఉంటుంది.

ఈ వారం ఒక చిన్న టెస్ట్ చేయండి. మీ కేటలాగ్‌లో ఏదో ఒక నవల పేరు తెలుగు లిపిలో ఒకసారి, రెండు ఇంగ్లీష్ స్పెల్లింగుల్లో రెండుసార్లు వెతకండి. మూడుసార్లూ అదే రికార్డు రావాలి. రాకపోతే, అసలు ఎవరూ తీసుకెళ్లని అర నుంచి మొదలుపెట్టండి.