‘ఎలివేషన్’ – ‘ఎత్తు’: అర్థవిస్తృతి పరిశీలన

1. ఉపోద్ఘాతం

ఒక భాషలోని పదం మరొక భాషలోకి వచ్చేటప్పుడు తన అర్థాలన్నింటినీ వెంట తెచ్చుకోదు. కొన్నింటిని విడిచిపెడుతుంది, కొన్నింటిని కొత్తగా పొందుతుంది. ఆంగ్లంలోని ‘ఎలివేషన్’ ఇందుకు తగిన ఉదాహరణ. ఈ పదాన్ని తెలుగు ‘ఎత్తు’తో పోల్చి, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల ఆధారంగా అర్థభేదాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. వ్యుత్పత్తి – అర్థపరిణామం

‘ఎలివేషన్’కు మూలం ‘పైకి లేపు’ అనే అర్థం గల లాటిన్ క్రియ. ఆ క్రియకు ఆధారం ‘తేలికైన’ అనే అర్థమిచ్చే ‘లెవిస్’ అనే విశేషణం. తెలుగులో ‘ఎత్తు’ క్రియగానూ నామంగానూ ఉంది. అంటే రెండు భాషల్లోనూ లేపే పని నుండే ఉన్నతిని తెలిపే పేరు ఏర్పడింది.

ఆపైన దారులు వేరయ్యాయి. ఆంగ్ల పదం మూలంలో తేలికదనం ఉండగా, తెలుగు పదం బరువును చేరింది. ‘నిలువెత్తు బంగారం’ మొక్కులో తూగేది మనిషి బరువే. ‘అవన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు’ అన్నప్పుడు సమతూకం స్ఫురిస్తుంది. ‘ఎత్తుకు పైయెత్తు’లో అది యుక్తి అవుతుంది.

3. కొలతలో సందిగ్ధత

మదనపల్లె సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. సమీపంలోని హార్స్‌లీ కొండలు 1,250 మీటర్లకు పైబడినవి. కానీ పట్టణం నుండి చూసేవారికి కొండ ఆ రెండింటి తేడా మేరకే, అంటే 550 మీటర్లకు కొంచెం పైగా, లేచి కనిపిస్తుంది. ‘కొండ ఎత్తెంత?’ అనే ప్రశ్నకు రెండు జవాబులూ సరైనవే. ఆంగ్లం మొదటి కొలతకు ‘ఎలివేషన్’ను, రెండవదానికి ‘హైట్’ను వాడి ఈ తేడాను నిలుపుకుంటుంది.

పుంగనూరు ఆవు మరొక ఉదాహరణ. ప్రపంచంలోని అతి పొట్టి పశుజాతుల్లో ఒకటైన దీని ఎత్తు సాధారణంగా మీటరుకు లోపే. ఇక్కడ ‘ఎలివేషన్’ చెల్లదు. తెలుగులో మాత్రం ఊరికీ ఆవుకూ ఒకే మాట. కాబట్టి కొలత ఎక్కడ మొదలైందో తెలుగు వాక్యం విడిగా చెప్పవలసి ఉంటుంది.

4. శాస్త్ర, వ్యవహార రంగాలు

గణితంలో ‘యాంగిల్ ఆఫ్ ఎలివేషన్’కు ‘ఊర్ధ్వకోణం’ స్థిరపడింది. న్యాయమూర్తిని పై న్యాయస్థానానికి నియమించడాన్ని తెలుగు ‘పదోన్నతి’గా చెబుతుంది. ఇంజనీరింగు చిత్రలేఖనంలో ‘ఎలివేషన్’ అంటే కట్టడాన్ని ఒక పక్క నుండి నిలువుగా చూపే పటం. అది నాలుగు వైపులకూ ఉంటుంది. తెలుగు వ్యవహారంలో అది ఇంటి ముందుభాగపు అలంకరణకు పరిమితమైంది. ఇది అర్థసంకోచం.

సినిమా పరిభాషలో దీనికి భిన్నంగా అర్థవ్యాకోచం జరిగింది. కథానాయకుని ఘనతను పెంచి చూపే సన్నివేశం ‘ఎలివేషన్’ అయింది. తెలుగులో ‘ఆకాశానికెత్తడం’ ఉన్నా, ‘ఎత్తిచూపడం’, ‘ఎత్తిపొడవడం’ నిందకు చెందినవి. పొగడ్తకే పరిమితమైన మాట అవసరమైనచోట అరువు పదం నిలదొక్కుకుందని భావించవచ్చు.

5. సరిహద్దు భాషల సాక్ష్యం

1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడిన కుప్పం, తమిళ, కన్నడ ప్రాంతాలకు చేరువలో ఉంది. కన్నడంలోనూ ‘ఎత్తు’ అంటే లేపడమే. అయితే అదే రూపానికి అక్కడ ‘ఎద్దు’ అనే అర్థమూ ఉంది. ఇది నానార్థం కాదు. తెలుగు ‘ఎద్దు’, తమిళ ‘ఎరుదు’లతో బంధుత్వం గల వేరొక పదం ధ్వనిమార్పుల వల్ల అదే రూపాన్ని పొందింది. ఒకే ధాతువు నుండి శాఖలుగా విస్తరించిన అర్థాలను నానార్థాలుగానూ, వేర్వేరు మూలాల నుండి వచ్చి ఒకే రూపం దాల్చిన వాటిని సమరూప పదాలుగానూ నిఘంటుకారుడు వేరుచేయాలి.

6. ముగింపు

‘ఎలివేషన్’కు ఒకే తెలుగు సమానార్థకాన్ని వెదకడం ఫలించదు. భూగోళంలో ‘సముద్ర మట్టం నుండి ఎత్తు’, గణితంలో ‘ఊర్ధ్వకోణం’, ఉద్యోగంలో ‘పదోన్నతి’ – ఇలా రంగాన్ని బట్టి పదాన్ని నిర్ణయించాలి. అన్నిచోట్లా ‘ఎత్తు’ అని అనువదిస్తే, తెలుగు మాధ్యమ విద్యార్థికి కొండ నేలనుండి ఎంత లేచిందో, సముద్రం నుండి ఎంత లేచిందో తెలియకుండా పోతుంది. అది విద్యార్థి లోపం కాదు, పరిభాష లోపం.