అభ్రకంలో విరిగే కేంద్రకం: శక్తి లెక్క ఎలా కుదురుతుంది?

నెల్లూరు అభ్రకం పట్టీ గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి పాత తాలూకాల గుండా సాగుతుంది. గనుల దగ్గర అందరూ మైకా అనే అంటారు. వేడికీ కరెంటుకూ తట్టుకుంటుందని ఆ రేకుల్ని ఇస్త్రీపెట్టెల్లో వాడటం తెలిసిందే. అంతగా చెప్పుకోని సంగతి ఇంకొకటుంది. మస్కొవైట్ రకం అభ్రకం తూకంలో దాదాపు పదోవంతు పొటాషియం. ప్రకృతిలో దొరికే పొటాషియంలో పదివేల పరమాణువులకు ఒకటి చొప్పున పొటాషియం-40 ఉంటుంది. దాని కేంద్రకం శాశ్వతం కాదు. కిలో అభ్రకంలో సెకనుకు సుమారు 3,000 కేంద్రకాలు విరుగుతుంటాయి. కంగారు పడాల్సిన పనిలేదు, డెబ్భై కిలోల మనిషి ఒంట్లో ఆ సంఖ్య 4,000 దాటుతుంది. 

ఇలా విరిగిన ప్రతిసారీ రెండు నియమాలు పాటించబడాలి. మొదటిది శక్తి నిత్యత్వం. విరగకముందు ఉన్న ద్రవ్యరాశికీ, విరిగాక ముక్కలన్నిటి ద్రవ్యరాశికీ మధ్య వచ్చే తేడా ఐన్‌స్టీన్ సూత్రం ప్రకారం శక్తిగా మారి, ఆ ముక్కల పరుగులో కనిపించాలి. రెండోది ద్రవ్యవేగ నిత్యత్వం. కదలకుండా ఉన్న కేంద్రకం ద్రవ్యవేగం సున్నా కాబట్టి, ముక్కల ద్రవ్యవేగాలను దిశలతో సహా కలిపితే మళ్లీ సున్నాయే రావాలి.

ముక్కలు రెండే అయితే చిక్కేమీ లేదు. సోమశిల జలాశయంలో పక్కపక్కనే రెండు పుట్టులున్నాయనుకోండి. ఒకటి బరువుతో నిండినది, రెండోది ఖాళీది. ఒకదాన్నుంచి రెండోదాన్ని నెడితే రెండూ ఎదురెదురు దిక్కులకు పోతాయి. ఖాళీ పుట్టి జోరుగా, నిండినది మెల్లగా వెళ్తుంది. ద్రవ్యవేగం రెండింటికీ సమానమే, కానీ శక్తిలో ఎక్కువ వాటా తేలికదానిది.

నెల్లూరు అభ్రకం గనుల్లో సమార్‌స్కైట్ అనే నల్లటి ఖనిజం కూడా దొరికింది. అందులో యురేనియం ఉంటుంది. యురేనియం-238 కేంద్రకం ఆల్ఫా కణంగా, థోరియం కేంద్రకంగా విరిగితే 4.27 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వెలువడుతుంది (ఇకపై ఎంఈవీ అందాం). ఆల్ఫా బరువు 4, థోరియం బరువు 234. ద్రవ్యవేగాలు సమానమైతే శక్తి బరువుకు విలోమంగా పంపకమవుతుంది. కాబట్టి 238 వాటాల్లో 234 ఆల్ఫాకు, 4 థోరియానికి. అంటే ఆల్ఫాకు 4.20 ఎంఈవీ, థోరియానికి 0.07. ఇక్కడ ఎంపికకు తావు లేదు. రెండు నియమాలు, రెండు ముక్కలు, ఒకే జవాబు. ఈ పంపకం జరిగినప్పుడల్లా ఆల్ఫా కణాలన్నీ అదే శక్తితో బయటికొస్తాయి. ప్రయోగంలోనూ అంతే.

చిక్కంతా బీటా క్షయంతో వచ్చింది. పొటాషియం-40 వందలో 89 సార్లు ఎలక్ట్రాన్‌ను విడిచి కాల్షియం-40గా మారుతుంది. వెలువడే శక్తి 1.31 ఎంఈవీ. ముక్కలు రెండే అయితే ప్రతి ఎలక్ట్రాన్‌కూ దాదాపు అంతా దక్కాలి. కానీ ఎలక్ట్రాన్లు సున్నా మొదలు 1.31 దాకా అన్ని శక్తులతోనూ వస్తాయి. సగటు 0.56 మాత్రమే. మిగతాది ఏమైంది?

కాల్షియం కేంద్రకం దాచుకుందా అంటే, అది కుదరదు. ద్రవ్యవేగ నియమం ఇక్కడే అక్కరకొస్తుంది. ఎలక్ట్రాన్ 1.31 ఎంఈవీతో దూసుకుపోయినప్పుడు కూడా, అంత ద్రవ్యవేగంతో వెనక్కి జరిగే కాల్షియానికి దక్కే శక్తి ఒక ఎంఈవీలో పాతికవేలో వంతు దరిదాపు. బరువైన కేంద్రకం ద్రవ్యవేగాన్ని సర్దుబాటు చేయగలదు గానీ, అందులో శక్తి దాగే చోటు లేదు.

ఇలా శక్తులు వరుసగా పరుచుకుని ఉండటాన్ని 1914లో జేమ్స్ చాడ్విక్ బెర్లిన్‌లో గమనించారు. ఎలక్ట్రాన్లు దారిలో ఏదో శక్తి పోగొట్టుకుంటున్నాయేమో అన్న అనుమానాన్ని 1927లో ఎల్లిస్, వూస్టర్ కేంబ్రిడ్జిలో తీర్చేశారు. రేడియం-ఇ అనే పదార్థాన్ని సీసపు దిమ్మెలో బంధించి, పుట్టిన వేడిని కొలిచారు. దారిలో పోయిన శక్తి అయినా వేడిగా దిమ్మెలోనే చిక్కాలి కదా. ఒక్కో క్షయానికి 1.05 ఎంఈవీ రావాల్సిన చోట సుమారు 0.35 మాత్రమే తేలింది. నీల్స్ బోర్ అంతటివాడు శక్తి నిత్యత్వం సగటున మాత్రమే చెల్లుతుందేమోనన్నారు. ఆ మాట నాకు ఎప్పుడూ నమ్మశక్యంగా అనిపించలేదు. నియమం సగటుకే పరిమితమైతే ఎలక్ట్రాన్ శక్తికి అంత కచ్చితమైన పైహద్దు ఎందుకుంటుంది?

1930 డిసెంబరు 4న వోల్ఫ్‌గాంగ్ పౌలీ ఒక ఉత్తరంలో మూడో ముక్కను ప్రతిపాదించారు. దానికి విద్యుదావేశం లేదు, బరువు నామమాత్రం. దాన్నే ఇవాళ యాంటీన్యూట్రినో అంటున్నాం. ముక్కలు మూడైతే రెండు నియమాలూ పంపకాన్ని ఒకే విధంగా నిర్ణయించలేవు. మొత్తం మాత్రం మారదు, ఎలక్ట్రాన్‌కు తగ్గింది యాంటీన్యూట్రినోకు పోతుంది. దానికి ఏమీ మిగలనప్పుడే ఎలక్ట్రాన్ పైహద్దును చేరుతుంది.

ఎలక్ట్రాన్ల దారిని అయస్కాంతంతో వంచి వాటి శక్తిని కొలిచే విద్యలో తెలుగువారికీ చోటుంది. పశ్చిమగోదావరి జిల్లా గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద లివర్‌పూల్‌లో చాడ్విక్ దగ్గర బీటా కిరణాలపై పరిశోధించి, తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్‌కు పునాది వేశారు. సన్యాసి, ప్రయోగశాల మనిషి రెండూ ఆయనే. మన బడి పుస్తకాల్లో ఆయనకు దక్కాల్సినంత చోటు దక్కలేదు.

పౌలీ ఊహించిన కణం 1956లో రైన్స్, కొవాన్‌లకు అమెరికాలోని సవానా రివర్ అణు రియాక్టర్ దగ్గర దొరికింది. యాంటీన్యూట్రినో ప్రోటాన్‌ను ఢీకొంటే న్యూట్రాన్, పాజిట్రాన్ పుడతాయి. పుట్టేవాటి బరువు ఎక్కువ కాబట్టి వచ్చే యాంటీన్యూట్రినో కనీసం 1.8 ఎంఈవీ తేవాలి. శక్తి నిత్యత్వం ఇక్కడా అడ్డం పడుతుంది. జపాన్‌లోని కామ్‌లాండ్ ఇదే పద్ధతిలో భూగర్భంలోని యురేనియం, థోరియం పంపే యాంటీన్యూట్రినోల ఆనవాళ్లను 2005లో ప్రకటించింది. పొటాషియం-40 నుంచి వచ్చేవి 1.31 దాటవు. అందుకే ఆత్మకూరు అభ్రకం నుంచి వెలువడే యాంటీన్యూట్రినోలు ఈ పద్ధతికి ఎన్నటికీ చిక్కవు.