అతిథి హాల్లో, ఇల్లాలు వంటింట్లో... ఎన్నాళ్ళిలా?

ముక్కూ మొహం తెలియని మనిషి మన ఇంటికి వస్తాడు. రెండు రాత్రులు పడుకుంటాడు. మనం వండింది తింటాడు. పైసా ఇవ్వడు, మనమూ అడగం. మూడో రోజు సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోతాడు. ఈ మాట చెప్పగానే చాలామంది గృహిణులు "ఎందుకొచ్చిన తలనొప్పండీ!" అంటారు. నిజమే మరి. అయినవాళ్ళు నలుగురొస్తేనే నడుం పట్టేసే ఇళ్ళు మనవి. అందులోనూ పరాయి దేశం వాళ్ళా? అయినా ప్రపంచంలో ఎన్నో కుటుంబాలు ఏళ్ళ తరబడి ఈ పని ఇష్టంగా చేస్తున్నాయి. మన దేశంలోనూ చేస్తున్నవారున్నారు. అందులో ఇల్లాలికి ఏం మిగులుతుంది అన్నదే ఈ వారం మన ప్రశ్న.

దారిన పోయేవాళ్ళకు ఇంట్లో అన్నం పెట్టడం మనకేమీ కొత్త కాదు. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841-1909) చేసింది అదే కదా! గోదావరి పాయలు దాటి వచ్చి, ఆకలితో తలుపు తట్టిన వాళ్ళకు వేళ కాని వేళల్లో కూడా వండి పెట్టింది ఆవిడ. కులం అడగలేదు, ఊరు అడగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి 2024లో ఆవిడ పేరే పెట్టారు. ఆవిడ పెట్టిన అన్నం గురించి మనమంతా చెప్పుకుంటాం. అయితే ఆ బాటసారులతో ఆవిడ ఏం మాట్లాడిందో, వాళ్ళ ఊళ్ళ సంగతులు ఏం విన్నదో మాత్రం ఎవరమూ చెప్పుకోం. గమనించారా?

యుద్ధం తర్వాత పుట్టిన ఆలోచన

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన నాలుగేళ్ళకు, 1949లో, బాబ్ లూయిట్‌వైలర్ అనే అమెరికన్ యువకుడు డెన్మార్క్‌లో కొందరు మిత్రులతో కలిసి ఒక పని మొదలుపెట్టాడు. ఒక దేశం వాళ్ళు ఇంకో దేశం వాళ్ళ ఇళ్ళల్లో రెండు రోజులు ఉండి, కలిసి తిని, మాట్లాడుకుంటే మళ్ళీ ఒకరి మీద ఒకరు తుపాకులు ఎత్తరని వాళ్ళ నమ్మకం. ఆ సంస్థే 'సర్వాస్'. ఎస్పెరాంటో భాషలో సేవ చేయడం అని ఆ మాటకు అర్థం. ఇండియాలోనూ దానికి సభ్యులున్నారు. అక్కడి పద్ధతి చూడండి: ప్రయాణానికి బయల్దేరేవాళ్ళను ముందు వాళ్ళ దేశంలోనే సంస్థ తరఫు వాళ్ళు కూర్చోబెట్టి మాట్లాడతారు. నమ్మకం కుదిరితేనే పరిచయ పత్రం ఇస్తారు. అది పట్టుకుని, ముందుగా ఉత్తరం రాసి, సరేనంటేనే మీ ఇంటికి వస్తారు. మామూలుగా రెండు రాత్రులే. ఆపైన ఉండాలంటే మీరే ఉండమనాలి. తిథి చూసుకోకుండా వచ్చేవాడు కాబట్టి అతిథి అన్నారు మన పెద్దలు. వీళ్ళు తిథీ వారమూ అన్నీ ముందే చెప్పి వస్తారన్నమాట, ఇల్లాలికి అదే పెద్ద ఊరట.

1984లో బ్రిటన్‌లో ఫ్రాన్సెస్ అలెగ్జాండర్ అనే ఆవిడ ఇలాంటిదే ఒకటి ప్రారంభించింది. అయితే అందులో సభ్యులంతా ఆడవాళ్ళే. ఒక దేశం స్త్రీ ఇంకో దేశం స్త్రీకి తన ఇంట్లో చోటిస్తుంది. 'విమెన్ వెల్‌కమ్ విమెన్' అన్న పేరులోనే అంతా ఉంది. తర్వాత ఇంటర్నెట్ వచ్చాక 2004లో 'కౌచ్‌సర్ఫింగ్' మొదలై ఊరూరా పాకింది. 2011లో అది లాభాపేక్ష ఉన్న కంపెనీగా మారి, 2020 నుంచి చాలా దేశాల్లో సభ్యత్వానికి డబ్బు అడగడం మొదలుపెట్టింది. ఇంటివాళ్ళు మాత్రం అతిథి దగ్గర తీసుకునేదేమీ లేదు. 2007లో పుట్టిన 'బీవెల్‌కమ్'ను స్వచ్ఛంద సేవకులే నడుపుతున్నారు. మన టూరిజం శాఖ చెప్పే 'హోమ్‌స్టే' వేరు సుమా! అది డబ్బు తీసుకుని గది ఇవ్వడం. అదీ మంచి పనే, కానీ అది వ్యాపారం. ఇక్కడ మనం మాట్లాడుకుంటున్నది చుట్టరికం.

పిలిచేది ఎవరు, వండేది ఎవరు?

ఇక అసలు సంగతి. మన ఇళ్ళల్లో ఇది ఎలా జరుగుతుందంటే, ఫోన్లో సభ్యుడిగా చేరేది అబ్బాయి. 'మా ఇంటికి రండి' అని రాసేది అబ్బాయి. పొద్దున్నే అయిదింటికి లేచి పప్పు రుబ్బేది అమ్మ! జర్మనీ అమ్మాయి హాల్లో కూర్చుని మావగారితో భగవద్గీత గురించి, శ్రీవారితో క్రికెట్ గురించి మాట్లాడుతుంటే, ఇల్లాలు వంటింట్లో బజ్జీలు వేస్తూ ఉంటుంది. రెండు రోజులయ్యాక ఆ అమ్మాయి "మీ ఇంటి భోజనం అద్భుతం" అని వెళ్ళిపోతుంది. ఇచ్చిపుచ్చుకోవడమంతా హాల్లో జరిగింది, ఇవ్వడం మాత్రం వంటింట్లో జరిగింది. ఇలాగైతే తలనొప్పి అన్నవాళ్ళదే రైటు.

కనుక మొదటి షరతు ఇది: వండే మనిషిని అడక్కుండా ఎవరూ 'రండి' అని రాయకూడదు. పిల్లలకు పరీక్షలా, అత్తగారికి ఒంట్లో బాగోలేదా, మీకే ఓపిక లేదా, రావద్దని రాయించండి. ఇందులో మొహమాటం ఏమీ లేదు. ఆ సంఘాల్లో కాదనడం మామూలే, ఎవరూ నొచ్చుకోరు.

రెండోది, అతిథి గిన్నెలు తుడుస్తానంటే "అయ్యయ్యో, వద్దు వద్దు" అనకండి. ఆ పద్ధతిలో వచ్చేవాళ్ళకు ఇంటి పనిలో చెయ్యి వెయ్యడం మర్యాద. మన పద్ధతిలో చెయ్యి వెయ్యనివ్వకపోవడం మర్యాద. ఎవరో ఒకరు తగ్గాలి కదా, మీరే తగ్గండి! చిక్కుడుకాయలు ఒలవమని ఇవ్వండి. పక్కన పీట వేసుకు కూర్చున్నాక మాటలు అవే వస్తాయి. ఆరడుగుల విదేశీ కుర్రాడు మీ వంటింట్లో కంచాలు కడుగుతుంటే మీవాడు నోరు తెరుచుకుని చూస్తాడు. ఆ ఒక్క దృశ్యం కోసమైనా ఒకసారి పిలవొచ్చు.

ఇంగ్లీషు రాదని వెనకడుగు వెయ్యకండి. వచ్చేవాళ్ళందరికీ మాత్రం ఇంగ్లీషు వచ్చా ఏమిటి? పిల్లలు కాస్త సాయపడతారు, మిగతాది చేతులు మాట్లాడతాయి. పెళ్ళయిందా, జీతమెంత అని మనం అలవాటుగా అడిగేస్తాం. చాలా దేశాల వాళ్ళకు అది ఇబ్బంది. అవి వదిలేసి, మీ ఇంట్లో గిన్నెలు ఎవరు తోముతారు, పొద్దున్నే మీ అమ్మ మొదట చేసే పని ఏమిటి, మీ ఊళ్ళో ముసలివాళ్ళను ఎవరు చూసుకుంటారు, ఇవి అడిగి చూడండి. మావగారి ప్రశ్నలకు రాని జవాబులు వస్తాయి.

ఏం పెట్టాలి?

విదేశీ అతిథి అనగానే బ్రెడ్డూ జామూ, నూడుల్సూ కొనుక్కొచ్చే ఇళ్ళున్నాయి. వాళ్ళు అంత దూరం వచ్చింది అది తినడానికా? మీరు రోజూ చేసుకునేదే చెయ్యండి. ముద్దపప్పు, నెయ్యి, కారం తగ్గించిన వంకాయ కూర, మజ్జిగ పులుసు, గడ్డపెరుగు చాలు. ఆవకాయ వెయ్యకుండా ఉండలేరు, నాకు తెలుసు. గోరంత ముక్క, అదీ పప్పన్నంలోకి. ఒకవేళ కారం నసాళానికి అంటితే మంచినీళ్ళ గ్లాసు అందించకండి. మిరపకాయలోని ఘాటు నీళ్ళతో పోదు. పాలలో ఉండే మాంసకృత్తులు దాన్ని పట్టుకుని వదిలిస్తాయి. చల్లని పాలో, గట్టి పెరుగో ఇవ్వండి. తాగడానికి మాత్రం కాచి చల్లార్చిన నీళ్ళో, సీలున్న బాటిలో సిద్ధంగా ఉంచండి.

వచ్చే ముందే ఒక మాట తప్పకుండా రాసి అడగాలి: ఒంటికి పడనివి ఏమైనా ఉన్నాయా అని. కొందరికి వేరుశనగ పడదు. పడకపోవడమంటే దద్దుర్లే అనుకునేరు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. మన వంటలో పల్లీలు ఎక్కడెక్కడ దాగుంటాయో ఒక్కసారి తలచుకోండి. పులిహోరలో, ఇడ్లీ చట్నీలో, కూరపొడుల్లో, చివరికి నూనెలోనూ! ఇంకొందరికి గోధుమ పడదు. అన్నం, ఇడ్లీ, పెసరట్టు తినే మనింట్లో వాళ్ళకు పండగే అనుకుంటాం. పెసరట్టులో ఉప్మా పెడితే అది గోధుమ రవ్వే. ఇక డబ్బాలో అమ్మే ఇంగువ పొడిలో చాలావరకు గోధుమ పిండో, మైదానో కలుపుతారు. డబ్బా మీద చదివి చూడండి. పాలూ నెయ్యీ కూడా ముట్టని శాకాహారులు ఇప్పుడు ఎక్కువమందే వస్తున్నారు. వాళ్ళకు నెయ్యి లేని పప్పు, చింతపండు చారు, కొబ్బరి పచ్చడి సరిపోతాయి.

వడ్డనలో ఇంకో సంగతి. "ఇంకాస్త, ఇంకాస్త" అని మారు వడ్డించడం మన ప్రేమ. వాళ్ళల్లో చాలామందికి కంచంలో వదిలెయ్యడం తప్పు. మీరు వేస్తూనే ఉంటారు, పాపం వాళ్ళు మింగుతూనే ఉంటారు! వద్దంటే వద్దనే అర్థం. చేత్తో కలుపుకోవడం నేర్పండి, చెంచా కూడా పక్కన పెట్టండి.

రెండో సాయంత్రం స్టవ్ అతిథికి అప్పగించి మీరు కూర్చోండి. మడి పాటించే ఇల్లయితే ఆ సంగతి ముందే చెప్పేయండి, గుడ్డు మాంసం పనికిరావంటే అదీ చెప్పండి. ఫ్రాన్స్ నుంచి వచ్చినవాళ్ళయితే 'క్రెప్' చేయమని అడగండి. ఒక కప్పు మైదా, రెండు గుడ్లు, కప్పున్నర పాలు, చిటికెడు ఉప్పు, చెంచాడు కరిగించిన వెన్న. అంతా జారుగా కలిపి ఓ అరగంట ఉంచి, మన పెనం మీదే పల్చగా పోస్తారు. పంచదారో, పండ్ల ముక్కలో వేసి మడిచి తినడమే. చూడగానే 'ఓస్, మన అట్టే కదా' అంటారు. రాత్రంతా పులియబెట్టడం లేకపోవడమే తేడా. ఇథియోపియా వాళ్ళ 'ఇంజెరా' అయితే మనల్ని మించింది. టెఫ్ అనే చిరుగింజల పిండిని రోజుల తరబడి పులియబెట్టి, ఒకవైపే కాల్చి, కూరలన్నీ దాని మీదే వడ్డించుకుంటారు. మన దోశె చుట్టాలు అంత దూరాన ఉన్నారని వాళ్ళతో కూర్చుంటేనే కదా తెలిసేది.

పడక గురించి బెంగ వద్దు. ఏసీ గది అక్కర్లేదు. ఉతికిన దుప్పటి, ఫ్యాను, దోమతెర చాలు. బకెట్టూ మగ్గూ ఎలా వాడాలో మొహమాటం లేకుండా చూపించండి.

జాగ్రత్తలు

ఆడపిల్లలున్న ఇంట్లో భయం సహజం. అందుకని మొదటిసారి ఒంటరి స్త్రీనో, దంపతులనో మాత్రమే పిలవండి. వాళ్ళు ఇదివరకు ఉన్న ఇళ్ళవాళ్ళు ఏం రాశారో చదివించుకుని వినండి, ఒకసారి వీడియో కాల్‌లో మీరే మాట్లాడండి. పాస్‌పోర్టు, వీసా నకళ్ళు తీసుకోండి, పక్కింటివాళ్ళకు చెప్పి ఉంచండి. వచ్చాక మనిషి ధోరణి నచ్చకపోతే ఆ పూటే హోటల్ చూసుకోమనే హక్కు మీకుంది.

చట్టం మాట కూడా ఉంది, చాలామంది దీన్ని మరచిపోతారు. విదేశీయులకు బస ఇస్తే 24 గంటల్లోపు ఆ వివరాలు ప్రభుత్వానికి తెలియజేయాలి. హోటళ్ళకే కాదు, డబ్బు తీసుకోని ఇళ్ళకూ ఇదే నియమం. చాలాకాలం దీన్ని 'ఫారం సి' అనేవారు. 2025 సెప్టెంబరు 1 నుంచి వలస, విదేశీయుల వ్యవహారాలకు కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ఆన్‌లైన్‌లో నమోదు ఎలా చేయాలో అతిథి రాకముందే హైదరాబాదులో అయితే విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయంలో, జిల్లాల్లో అయితే ఎస్పీ కార్యాలయంలో కనుక్కోండి. అబ్బాయి పిలిచాడు కాబట్టి ఈ పని అబ్బాయికే అప్పగించండి.

మరి మీ వంతు?

ఇచ్చిపుచ్చుకోవడంలో పుచ్చుకోవడమూ ఉంది కదా. సభ్యత్వం అబ్బాయి పేరుతో పాటు మీ పేరునా ఉండాలని అనేది అందుకే. అమ్మాయి దగ్గరికి డాలస్‌కో, లండన్‌కో ఆరు నెలలు వెళ్ళి, మనవణ్ణి ఎత్తుకుని నాలుగు గోడల మధ్య కూర్చుని తిరిగి వచ్చేసే అమ్మలు ఎందరో! ఆ ఆరు నెలల్లో రెండు రోజులు పక్క ఊళ్ళో ఇంకో గృహిణి ఇంట్లో, ఆమె వంటింట్లో, ఆమె తోటలో గడిపి రావచ్చు. సర్వాస్ వంటి సంఘాల్లో పెద్ద వయసు సభ్యులు చాలామంది ఉంటారు. అక్కడ మీరు అతిథి. కాఫీ వాళ్ళు కలిపి ఇస్తారు. ఊరు తిప్పి చూపిస్తారు. ఎవరి భార్య, ఎవరి తల్లి అని ముందుగా అడగరు. అట్లు పొయ్యడానికి మీ చెయ్యి దురద పెడితే పొయ్యండి, లేకపోతే లేదు.

చివరగా, మీ ఇంటికి వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు ఏమివ్వాలని అడుగుతారేమో. చీరె జాకెట్టు గుడ్డ వద్దు, రెండు కేజీల గోంగూర పచ్చడి అసలే వద్దు. వాళ్ళకు ఒక్క సంచీయే ఇల్లు, ఇంకా పది ఊళ్ళు తిరగాలి, నూనె కారితే బట్టలన్నీ పాడు. వేయించిన కందిపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి మెత్తగా కొట్టిన కందిపొడి ఓ వంద గ్రాములు గట్టిగా సీలు చేసి ఇవ్వండి. వేడి అన్నంలో నెయ్యి వేసుకుని కలుపుకోవాలని ఒక చీటీ మీద రాసి, కింద మీ పేరు రాయండి. శ్రీమతి ఫలానా అని కాదు, మీ పేరే.