సంకెళ్ల చేతులు కట్టిన వంతెనల మీదుగా... టాస్మేనియాలో ఏడు రోజులు

సెలవు దొరికితే ఊరికి పోవడం, దొరకకపోతే రూములో పడి నిద్రపోవడం. మనబోటి పనివాళ్లకు మూడో సంగతి తెలియదు. మేం నలుగురం కూడా పదేళ్లు అలాగే గడిపాం. గల్ఫ్‌లో ఒకే సైటులో కలిసిన వాళ్లం, ఇప్పుడు మెల్‌బోర్న్‌లో వేర్వేరు సైట్లలో పని చేస్తున్నాం. డిప్లొమా చదివి సూపర్‌వైజర్లుగా చేస్తున్నది ఇద్దరం. ఒకాయన కోనసీమ నుంచి వచ్చిన సెంట్రింగ్ మేస్త్రీ. చిన్నవాడు జగిత్యాల తమ్ముడు, రాడ్ బెండింగ్ పని. ఈసారి ఏప్రిల్ నెలాఖరున అన్జాక్ డే సెలవుకు ఇంకొన్ని రోజులు కలుపుకొని, మా పాత కారులోనే టాస్మేనియా చుట్టి వద్దామని బయలుదేరాం.

టాస్మేనియా అంటే ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న ద్వీప రాష్ట్రం. విస్తీర్ణం మన తెలంగాణలో సగం కంటే కొంచెం ఎక్కువ, జనం మాత్రం ఆరు లక్షల లోపే. కారుతో సహా వెళ్లాలంటే జీలాంగ్ రేవులో రాత్రి ఓడ ఎక్కాలి. తెల్లారేసరికి బాస్ జలసంధి దాటి డెవన్‌పోర్ట్‌లో దింపుతుంది. ఒక్క మాట చెప్పాలి. పళ్లు, కూరగాయలు ద్వీపంలోకి రానివ్వరు. మా మేస్త్రీ గారు దాచిన కరివేపాకు కట్ట రేవులోనే చెత్తబుట్ట పాలైంది. గోంగూర పచ్చడి సీసా, రైస్ కుక్కర్ మిగిలాయి, అదే పదివేలు!

మొదట క్రేడిల్ మౌంటెన్‌కు వెళ్లాం. డెవన్‌పోర్ట్ నుంచి గంటన్నర దారి. కారు బయట పెట్టి, పార్కు బస్సులో డవ్ లేక్ దాకా పోవాలి. సరస్సు చుట్టూ ఆరు కిలోమీటర్ల కాలిబాట. ఎదురుగా 1545 మీటర్ల కొండ, నీళ్లలో దాని నీడ. ఏప్రిల్ చివర్లో ఇక్కడ ఫాగస్ అనే పొట్టి చెట్ల ఆకులు పసుపు, ఎరుపు రంగుల్లోకి మారతాయి. దారిలో వాంబాట్లు గడ్డి మేస్తూ కనబడ్డాయి. ఈ జంతువు పేడ గుండ్రంగా ఉండదు, ఘనాకారంలో ఉంటుంది. లాబ్‌కు పంపే కాంక్రీట్ క్యూబులే గుర్తొచ్చి నలుగురం పడి పడి నవ్వాం. ఈ నేల మీద ఆదివాసీలు 40 వేల ఏళ్లకు పైగా బతికారు. 1803 నుంచి ఇంగ్లిషు వాళ్లు వచ్చి దిగాక వాళ్ల భూములు, ప్రాణాలు ఎలా పోయాయో చదివితే మనసు బరువెక్కుతుంది.

అక్కడి నుంచి పడమటి వైపు క్వీన్స్‌టౌన్. అంత అడవి మధ్యలోంచి వస్తే ఒక్కసారిగా బోడి కొండలు! రాగి కరిగించే కొలిముల కోసం చెట్లు నరికారు. గంధకపు పొగకు మిగిలినవి చచ్చాయి. ఆపైన కుండపోత వానలు మట్టిని కడిగేశాయి. 1912 అక్టోబరులో ఇక్కడి నార్త్ మౌంట్ లైయెల్ గనిలో మంటలు రేగి 42 మంది కార్మికులు చనిపోయారు. ఊళ్లో ఎక్కువసేపు ఉండలేకపోయాం, హోబర్ట్ దారి పట్టాం.

ఈ దారి సుమారు 260 కిలోమీటర్లు. వంకర్లే వంకర్లు. చీకటి పడ్డాక నడపొద్దు, వాలబీలు కారుకు అడ్డం దూకుతాయి. ఈ నెలలో సాయంత్రం ఐదున్నరకే పొద్దు గుంకుతుంది మరి. మధ్యలో టారలియా దగ్గర కొండ మీంచి లోయలోకి దిగే పెద్ద పెద్ద నీటి పైపులు చూసి కారు ఆపేశాం. కింద 1938లో మొదలైన జలవిద్యుత్ కేంద్రం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ ద్వీపంలో డ్యాములు, కాలువలు కట్టడానికి యూరప్ నుంచి మనుషుల్ని రప్పించారు. వాళ్లలో పోలండ్ మాజీ సైనికులు కూడా ఉన్నారు. రెండేళ్లు ఇక్కడే పని చేస్తామని ఒప్పుకున్నాకే వాళ్లను తెచ్చారట. ఇది విని మా తమ్ముడు, "గిప్పటి స్పాన్సర్ వీసా లెక్కనే ఉన్నదన్నా" అన్నాడు. కాదనలేకపోయాం.

హోబర్ట్‌లో టాస్మన్ బ్రిడ్జి గురించి చెప్పకుండా ఉండలేం. 1975 జనవరి 5న రాత్రి లేక్ ఇల్లవారా అనే ఖనిజాల ఓడ దారి తప్పి స్తంభాలను గుద్దింది. రెండు స్తంభాలు, మూడు స్పాన్లు కూలాయి. ఓడలో ఏడుగురు, కార్లలో ఐదుగురు చనిపోయారు. రెండు కార్లు అంచు మీద సగం గాలిలో వేలాడుతూ ఆగిపోయాయి. 1977 అక్టోబరులో మళ్లీ తెరిచారు. ఓడ ఇంకా నది అడుగునే ఉంది. స్తంభాల మధ్య దూరం అక్కడ మాత్రం తేడాగా కనిపిస్తుంది. ఇప్పుడు పెద్ద ఓడ కింద నుంచి పోయేటప్పుడు పైన బండ్లన్నీ ఆపేస్తారు. ఒక రూలు వెనక ఎన్ని ప్రాణాలుంటాయో సేఫ్టీ మీటింగుల్లో మేం వంద సార్లు చెప్పి ఉంటాం, ఆ వంతెన మీద కారు ఆగినప్పుడు మాత్రం ఎవరం మాట్లాడలేదు.

పోర్ట్ ఆర్థర్ అక్కడికి గంటన్నర. 1853 దాకా బ్రిటన్ నుంచి ఈ ద్వీపానికి సుమారు 75 వేల మంది ఖైదీలను ఓడల్లో తెచ్చి దించారు. చాలామంది చేసిన నేరం చిన్న చిన్న దొంగతనాలే. ఇక్కడికి వచ్చాక మళ్లీ తప్పు చేసిన వాళ్లను పోర్ట్ ఆర్థర్‌కు పంపేవారు. 1877లో మూసేశారు. పిండి మర కోసం కట్టిన పెద్ద భవనాన్నే తర్వాత జైలు గదులుగా మార్చారు, దాని గోడలు ఇంకా నిలబడి ఉన్నాయి. సెపరేట్ ప్రిజన్ అని ఇంకోటి ఉంది. అందులో కొట్టేవారు కాదు, మాట్లాడనిచ్చేవారు కాదు. గది దాటితే ముఖానికి ముసుగు. మేస్త్రీ గారు ఆ చీకటి గదిలోకి వెళ్లి అర నిమిషంలో బయటకు వచ్చేశారు. 1996 ఏప్రిల్‌లో ఇదే చోట ఒక దుండగుడి కాల్పుల్లో 35 మంది చనిపోయారు. వాళ్ల స్మారకంగా చిన్న తోట ఉంది. అక్కడ ఫొటోలు తీసుకోలేదు.

తిరుగు దారిలో రిచ్‌మండ్. 1823 నుంచి 1825 వరకు ఖైదీలు కట్టిన ఇసుకరాతి వంతెన. ఆస్ట్రేలియాలో ఇప్పటికీ బండ్లు తిరుగుతున్న వంతెనల్లో ఇదే అన్నిటికన్నా పాతది. కింద గడ్డి, బాతులు, పిక్నిక్ జనం. ఈ వంతెనకు ఒక దయ్యం కథ ఉంది. జార్జ్ గ్రోవర్ అని, తానూ ఖైదీగా వచ్చినవాడే, తర్వాత ఇక్కడి జైల్లో కొరడా పట్టే ఉద్యోగం సంపాదించాడు. ఖైదీలు లాగే రాళ్ల బండి మీదెక్కి కూర్చుని వాళ్లనే కొట్టేవాడని ఊళ్లో చెప్తారు. 1832లో ఒక రాత్రి తాగి వంతెన మీద పడి ఉంటే, కొట్టి కిందకు తోసేశారు. చచ్చిపోయాడు.

కథ అవగానే తమ్ముడు మా ఇద్దరి వైపు తిరిగి, "అన్నా, మీరిద్దరు గీ వంతెన మీద పండుకోకుండ్రి మల్ల" అన్నాడు. మేస్త్రీ గారు నవ్వారు. మాకు నవ్వు రాలేదు.

ఎందుకంటే 2016 ఆగస్టు. గల్ఫ్‌లో ఎండాకాలం మధ్యాహ్నం మూడింటి దాకా బయట పని చేయించకూడదని రూలు. ఆ రోజు కాంక్రీట్ పంపు ముందే వచ్చింది, పైనుంచి ఫోన్లు. రెండుంపావుకే మనుషుల్ని స్లాబ్ మీదికి పిలిచాం. పిలిచింది కంపెనీ కాదు, మేమే. కాసేపటికి తమ్ముడు కడ్డీల మీద కుప్పకూలాడు. రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. రిపోర్టులో టైం మూడు దాటిందని రాసి సంతకం పెట్టాం. ఆ సంగతి ఇన్నేళ్లలో నలుగురం కలిసి ఒక్కసారీ మాట్లాడుకోలేదు.

ఆ రాత్రి రాస్ అనే పల్లెలో బస. ఇక్కడి వంతెన 1836 నాటిది. పని సాగక, సరుకు దొంగల పాలవుతుంటే డేనియల్ హెర్బర్ట్, జేమ్స్ కోల్‌బెక్ అనే ఇద్దరు ఖైదీ రాతి మేస్త్రీలకు పని అప్పగించారు. వంతెన పూర్తయ్యాక ఇద్దరికీ విడుదల దొరికింది. మూడు ఆర్చీల అంచున 186 రాళ్ల మీద చెక్కడాలు: మనుషుల ముఖాలు, జంతువులు, ఆకులు, తీగలు. పొద్దున్నే ఒడ్డుకు దిగి మేస్త్రీ గారు ఒక్కో రాయీ చూస్తూ గంట సేపు నిలబడ్డారు. "జీతం కోసం చేసే పని ఇలా ఉండదండీ" అని మాత్రం అన్నారు.

అక్కడే తమ్ముడికి చెప్పేశాం. టైం తప్పు రాసింది మేమేనని. వాడు చాలాసేపు నీళ్ల వైపు చూశాడు. "నాకు ఎరికే అన్నా. టైం సంగతి కాదు. నీళ్ల డ్రమ్ము ఎండల పెట్టిండ్రు సూడు... తాగుదామంటే కాలుతుండె. గది మర్సిపోలే" అన్నాడు. డ్రమ్ము సంగతి మాకు గుర్తే లేదు.

తర్వాత వాడే టీ ఫ్లాస్కు తీసి నలుగురికీ పోశాడు. డెవన్‌పోర్ట్‌కు ఇంకా రెండు గంటల దారి ఉంది, సాయంత్రం ఓడ. స్టీరింగ్ వాడే పట్టుకున్నాడు. సోమవారం సైటుకు వెళ్లగానే మేం మొదట చూసింది నీళ్ల డబ్బాలు ఎక్కడ పెట్టారో.