దవడకు విశ్రాంతి నేర్పుదాం



ఉదయం లేవగానే దవడ పట్టేసినట్లు ఉండటం, కణతల్లో నొప్పి, నోరు తెరిస్తే చెవి ముందు టక్కుమనే శబ్దం, సంక్రాంతికి చెరుకు ముక్క కూడా నమలలేకపోవడం... ఈ బాధలున్నవారు తరచుగా ముందు చెవి చూపించుకుంటారు. చెవిలో ఏమీ కనబడదు. నొప్పి చెవికి ఆనుకొని ఉన్న దవడ కీలుది, దాన్ని కదిలించే కండరాలది. చెంప మీద చెయ్యి పెట్టి పళ్ళు బిగించి చూడండి. చేతి కింద ఉబ్బేదే మాసిటర్ కండరం. నమలడానికి దేవుడిచ్చిన బలమైన కండరం అది. దానికి విశ్రాంతే లేకపోతే నొప్పి పెట్టదా?

భోజనం చేయనప్పుడు పై పళ్ళు, కింది పళ్ళు ఒకదానికొకటి తగలకూడదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. అప్పు, పిల్లల చదువు, ఇంట్లో మాట పట్టింపు మనసులో పెట్టుకొని తెలియకుండానే పళ్ళు బిగిస్తాము. ఈ బాధ ఆడవారిలోనే ఎక్కువ.

పిల్లలు నిద్రలో పళ్ళు కొరికితే కడుపులో పురుగులని మన పెద్దలంటారు. పురుగుల మందు వేయించడం మంచిదే గాని, పళ్ళు కొరకడానికి అవే కారణమని రుజువు కాలేదు. చాలామందికి ఎదిగేకొద్దీ తగ్గిపోతుంది. నోరు తెరిచి నిద్రపోతూ గురక పెట్టే బిడ్డను మాత్రం డాక్టరుకు చూపించండి.

నోటి కండరాలకు, నాలుకకు సరైన అలవాటు నేర్పడాన్ని మయోఫంక్షనల్ థెరపీ అంటారు. అమెరికా దంతవైద్యుడు ఆల్‌ఫ్రెడ్ రోజర్స్ 1918లోనే ముఖ కండరాల వ్యాయామాల గురించి వ్రాశారు. పేరు పెద్దదే గాని ఇంట్లో చేసుకోదగిన పని. "ల" అనబోయి ఆగండి. నాలుక కొన పై పళ్ళ వెనుక చిగురుకు ఆనింది కదా, దాని చోటు అదే. మిగతా నాలుకను మెల్లగా అంగిలికి ఆనించి, పెదవులు మూసి, పళ్ళు కొంచెం ఎడంగా ఉంచి, ముక్కుతో గాలి పీల్చండి. తర్వాత నాలుక కదలకుండా, తెరవగలిగినంత వరకే నోరు మెల్లగా తెరిచి మూయండి. ఇలా ఆరుసార్లు, రోజుకు ఆరు పూటలు. నొప్పి పెరిగితే ఆపండి. వేడినీళ్ళలో పిండిన గుడ్డతో పది నిమిషాలు కాపడం పెట్టి, కొన్నాళ్ళు మెత్తని అన్నం, పప్పు తినండి. ఆవులింత వస్తే (ప్రసంగం మధ్యలోనైనా సరే!) గడ్డం కింద చెయ్యి ఆనించండి.

దీనితో అందరికీ నయమవుతుందని మేము చెప్పము. దీని మీద పరిశోధన ఇంకా తక్కువే. ఖర్చు లేనిది గనుక ముందు ఇదే మొదలుపెట్టమంటాము. రాత్రి పళ్ళు అరిగేంతగా కొరికేవారికి దంతవైద్యుడు కొలత తీసి నైట్ గార్డ్ చేయిస్తారు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. మీ మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టకపోతే, అందులోనూ గుట్కా, వక్క నమిలేవారైతే, అది కండరాల బిగువు కాకపోవచ్చు. బుగ్గల లోపలి పొర గట్టిపడే జబ్బు కావచ్చు. కొందరిలో అది కేన్సరుగా మారుతుంది. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో అడ్డపొగ త్రాగే అమ్మలు అంగిలి చూపించుకోవాలి. కె.కోటపాడు నుండి విశాఖ కె.జి.హెచ్. దూరమని వాయిదా వేయకండి. గాయమైన కొద్ది రోజులకు దవడ బిగుసుకుంటే అది ధనుర్వాతం కావచ్చు. దవడ నొప్పితోపాటు గుండెలో బరువు, చెమటలు ఉంటే గుండెపోటు కావచ్చు. ఈ రెండింటికీ వ్యాయామం చేస్తూ కూర్చోక వెంటనే 108కి ఫోన్ చేయండి.